బెట్ట విడిచిన తోటలో పేనుబంక

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధి వెనక ఒక పాత ఇల్లు. పెరట్లో జామచెట్టు. శివరాత్రి దాటిన వారం అది. చెట్టు కింది గచ్చు మీద అడుగు పెడితే చెప్పులు అతుక్కుంటున్నాయి. "పొద్దున కడిగితే మాపటేళకు మళ్లా ఇట్లనే జిగురు. చెట్టుకు బంక పట్టింది నాయనా. కొట్టించేద్దామంటే మావోడు వినడు" అంది ఆ ఇంటి పెద్దామె.

నేను వచ్చింది ఆ బంక కోసమే. చెట్ల మీద బతికే పేనుబంకల గురించి దొరికే పుస్తకాలు ఎక్కువగా చలిదేశాల ఓక్, పైన్ చెట్ల దగ్గరే ఆగిపోతాయి. లోకంలో దాదాపు 5,000 జాతుల పేనుబంకలుంటే, వాటిలో ఎక్కువ భాగం ఆ దేశాల్లోనే ఉన్న మాట నిజమే. కానీ ఎండకు పేరుబడ్డ కడప నేలలో కూడా చెట్లున్నాయి, చెట్లకు చిగుళ్లున్నాయి. ఆ చిగుళ్ల మీద ఎవరు బతుకుతున్నారో ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా పులివెందుల దాకా చూసుకుంటూ పోవాలని బయల్దేరాను.

కొమ్మ వంచి, చివరి లేత ఆకును వెనక్కి తిప్పి, పదింతలు పెద్దగా చూపే భూతద్దం పెట్టాను. ఈనెకు రెండు పక్కలా ఇరవై ముప్పై పురుగులు, తలలన్నీ ఈనె వైపే. ఒక్కొక్కటి రెండు మిల్లీమీటర్లుంటుంది. పసుపు కలిసిన గోధుమరంగు. పొట్ట చివర రెండు గొట్టాలు. పేనుబంకల్లో చాలావాటికి ఈ గొట్టాలుంటాయి, ఆపద వస్తే వాటిలోంచి మైనం లాంటి బొట్టు వదులుతాయి. పత్తి మీది పేనుబంకకు అవి పొట్టిగా, నున్నగా ఉంటాయి. ఈ జామ పురుగుకు మాత్రం ఒంటికి మించిన పొడుగనిపించేంత గొట్టాలు, కొంచెం వంపు తిరిగి, మొదలు నుంచి కొస దాకా నిలువునా వెంట్రుకలు. ఆ వెంట్రుకల గొట్టాలు చూస్తే చాలు, ఇది గ్రీనిడియా అని తెలిసిపోతుంది. పత్తి పురుగుకూ దీనికీ ఉపకుటుంబమే వేరు.

గ్రీనిడినే అనే ఈ ఉపకుటుంబం ప్రధానంగా ఆసియాది, దాదాపుగా చెట్లదీ పొదలదీ. సింహళంలో ప్రభుత్వ కీటక శాస్త్రవేత్తగా పనిచేసిన ఎడ్వర్డ్ ఎర్నెస్ట్ గ్రీన్ పేరు మీద 1905లో షౌటెడెన్ ఈ ప్రజాతికి పేరు పెట్టాడు. తర్వాత వీటిని జాతి జాతిగా విడదీసి, కొలిచి, బొమ్మలు గీసి సరిదిద్దిన పెద్ద గ్రంథం రాసింది మనవాడే, కలకత్తాకు చెందిన డి.ఎన్. రాయచౌధురి. అది 1956లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో అచ్చయింది. హిమాలయాల్లో, తూర్పు ఆసియాలో ఈ పురుగులు ఓక్, చెస్ట్‌నట్ చెట్ల మీద ఉంటాయి. మన మైదానాల్లో వాటికి రెండు చెట్ల కుటుంబాలు ముఖ్యం. మర్రి, రావి, మేడి, పనస ఒకటి. నేరేడు, జామ రెండోది. జామ నిజానికి అమెరికా నుంచి వచ్చిన చెట్టు. కానీ నేరేడుకు దాయాది. కొత్తగా వచ్చిన ఆ చెట్టులో పాత చుట్టరికాన్ని మన పురుగు గుర్తుపట్టింది. ఇప్పుడు ఆ జామ పేనుబంకే సముద్రాలు దాటి హవాయి, కాలిఫోర్నియాల్లోని జామచెట్ల మీద కూడా స్థిరపడింది.

పెద్దామె నా భుజం పక్కనుంచి అద్దంలోకి తొంగి చూసి, "తాగిందంతా ఇట్ల కిందికి కార్చేస్తే అది బతికేదెట్ల?" అని అడిగింది. ఇంతకు మించిన ప్రశ్న ఈ ప్రయాణంలో నన్నెవరూ అడగలేదు. ఆకులో తయారైన చక్కెరను చెట్టు సన్నని నాళాల్లో కొమ్మలకూ వేళ్లకూ పంపుతుంది. పేనుబంక తన సూది లాంటి నోటిని కణాల మధ్య సందుల్లోంచి దించి ఆ నాళాన్ని అందుకుంటుంది. నాళంలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి రసం దానంతటదే నోట్లోకి ఎక్కుతుంది. అయితే అందులో చక్కెర బోలెడు, ఒళ్లు పెరగడానికి కావలసిన మాంసకృత్తుల ముడిసరుకు మాత్రం చాలా తక్కువ. ఆ కాస్తా కూడబెట్టుకోవాలంటే ఎంతో రసం తాగాలి, మిగిలిన చక్కెరను వదిలేయాలి. గచ్చు మీద అతుక్కునేది అదే. రసంలో సరిపడా లేని అమైనో ఆమ్లాలను దాని ఒంట్లోనే కాపురముండే బుక్నెరా అనే సూక్ష్మజీవి తయారుచేసి ఇస్తుంది. తల్లి కడుపులోంచే బిడ్డకు సంక్రమించే ఆ సూక్ష్మజీవి లేకుండా పేనుబంక వంశం నిలబడదు. కోట్ల ఏళ్లుగా ఈ రెండూ విడిపోలేదు. ఇదంతా చెప్తే ఆమె శ్రద్ధగా విని, "అయితే చెట్టుకేం కాదంటావు" అంది. పెద్ద చెట్టుకేం కాదు, ఎండలు ముదిరితే అవే పోతాయి అన్నాను. ఆకుల మీద బంక పేరుకున్న చోట నల్లటి మసి పడుతుంది. అది ఆకును తినదు, వెలుతురుకు అడ్డం పడుతుంది, అంతే.

జమ్మలమడుగు దారంతా నల్లరేగడి. సెనగ పీకేసిన చేలు బోసిగా ఉన్నాయి. అక్కడక్కడ జొన్న కంకి ముదిరి ఆకు ఎండుతోంది. ఊళ్లో రావిచెట్టు ఆకు రాల్చేసి రాగి రంగు చిగురు తొడుగుతోంది గానీ చెయ్యి అందే ఎత్తులో కొమ్మ లేదు. పెన్న ఒడ్డుకు పోతే మేడిచెట్టు దొరికింది. మర్రి జాతి చెట్ల పాలు పురుగులకు పెద్ద అడ్డంకి. ఆకు కొరికితే ఆ పాలు కారి నోరు అంటుకుపోతుంది. పేనుబంక కొరకదు. పాల నాళాలను తాకకుండా కణాల అంచుల వెంబడి సూదిని దించుతుంది, దించుతూ లాలాజలంతో సూది చుట్టూ గట్టి ఒర కట్టుకుంటుంది. మనం గోరు తగిలిస్తే చాలు తెల్లగా కారే మేడి చిగురు మీద అవి నిశ్చింతగా కూర్చుని ఉన్నాయి. జామ మీద చూసిన వెంట్రుకల గొట్టాలే, ఒళ్లు మాత్రం మరికొంచెం ముదురు రంగు. మర్రి జాతి చెట్ల మీద ఉండే ఈ రకాన్ని గ్రీనిడియా ఫిసికోలా అంటారు.

అయితే ఆ మేడి దగ్గర నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది పేనుబంక కాదు, దాన్ని తినే అక్షింతల పురుగులు. ఒకే కొమ్మ మీద గుడ్లు, నల్లటి పిల్ల పురుగులు, కోశస్థ దశలో ఆకుకు అంటుకున్నవి, రెక్కల మీద వంకర చారలున్న పెద్దవి, అన్నీ ఉన్నాయి. ఇన్ని ఇక్కడికెలా చేరాయి? చుట్టూ ఎండుతున్న జొన్నచేలను చూస్తే సమాధానం దొరికినట్టనిపించింది. రబీ జొన్నకు, కుసుమకు, అలసందకు వాటివాటి పేనుబంకలుంటాయి. పైరు ముదిరి రసం తగ్గితే ఆ పేనుబంకలు పోతాయి. వాటిని తిని పెరిగిన అక్షింతల పురుగులకు తిండి పోతుంది. సరిగ్గా ఆ వారాల్లోనే మేడి, రావి, మర్రి చిగురిస్తాయి. చేనుకూ చేనుకూ మధ్య ఆకలి రోజుల్లో వాటిని బతికించేది వంక ఒడ్డునున్న ఈ చెట్లేనని నా నమ్మకం. అప్పటిదాకా మేడి మీది పేనుబంకను మేడికి సంబంధించిన విషయంగానే చూశాను. ఆ పూట నుంచి అది జొన్నకు, పులివెందుల వైపు తోటల్లోని చీనీకి (బత్తాయికి) కూడా సంబంధించినదిగా కనబడింది.

ముద్దనూరు దాటి, తొండూరు దాటి పులివెందుల వైపు పోయేకొద్దీ నేల మారుతుంది, పచ్చదనం పెరుగుతుంది. ఒకప్పుడు వెయ్యి అడుగుల లోతుకు బోర్లు దించి, ఎండిన బోరు పక్కనే ఇంకో బోరు దించి చీనీ చెట్లను కాపాడుకున్న ప్రాంతం ఇది. ఇప్పుడు చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, కాలువలు, డ్రిప్పు పైపులు. లింగాల, సింహాద్రిపురం వైపు చీనీతో పాటు అరటి కూడా విస్తరించింది. అరటికి దాని పేనుబంక వేరే ఉంది, వెర్రితల తెగులు మోసుకొచ్చేది అదే. కానీ అరటి చెట్టు కాదు, ఆ కథ మరోసారి.

లింగాల మండలంలో ఒక ఊరి బయట పదేళ్ల చీనీ తోట. సాత్‌గుడి రకం. రైతు అరవై దాటిన మనిషి. చెట్లన్నీ ఒకేసారి చిగురేసి ఒకేసారి పూశాయి. తోటలోకి అడుగు పెడుతూనే పూల వాసన, తేనెటీగల రొద. "సంక్రాంతికి ముందు నుంచీ బెట్ట పెట్టినా సార్. ఆకు వాడి ముడుచుకున్యాక నీళ్లిడ్సినా. మూడు వారాలకు చిగురూ పూతా కలిసొచ్చినాయి. ఆ వెనకాలే ఈ శని కూడా వచ్చె" అని ఒక కొమ్మ వంచి చూపించాడు. చిగురంతా నల్లగా నిండి ఉంది. లేత ఆకులు లోపలికి చుట్టుకుపోయాయి. కొమ్మ మీద చీమల బారు.

ఇది గ్రీనిడియా కాదు. వెంట్రుకల గొట్టాలు లేవు, ఒళ్లు నున్నగా నల్లగా మెరుస్తోంది. నిమ్మజాతి చెట్లను పట్టే నల్ల పేనుబంకలు ముఖ్యంగా రెండు రకాలు, టాక్సాప్టెరా ఆరాంటీ, టాక్సాప్టెరా సిట్రిసిడా. మామూలు కంటికి రెండూ ఒకటే. రెక్కలున్నది దొరికితే తేల్చుకోవచ్చు. ముందు రెక్క మధ్య ఈనె ఒక్కసారి చీలితే ఆరాంటీ, రెండుసార్లు చీలితే సిట్రిసిడా. తెల్ల కాగితం పరిచి కొమ్మను తట్టాను. రెక్కలవి కొన్ని రాలాయి. అద్దం కింద చూసినవాటికి ఈనె ఒక్కసారే చీలింది, రెక్క అంచున నల్లటి మచ్చ కూడా ఉంది. ఆరాంటీయే.

తట్టినప్పుడు ఇంకొకటి జరిగింది. కొమ్మ మీద మిగిలిన పురుగులన్నీ ఒక్కసారిగా పొట్టలు పైకెత్తి వెనక కాళ్లు ఆడించాయి. గుంపు గుంపంతా ఒకే ఊపు. ఈ రకానికి పొట్ట పక్కన సన్నని గీతల వరసలుంటాయి, వెనక కాళ్ల మీద పొట్టి ముళ్ల వరస ఉంటుంది. ఒకదాన్ని ఇంకొకదానికి రాసి చప్పుడు చేస్తాయి. గుంపు పెద్దదైతే ఆ గీరుడు మనిషి చెవికి కూడా అందుతుంది. నేను చెవి ఆనించాను గానీ తేనెటీగల రొదలో ఏదీ విడిగా వినబడలేదు. రైతు కూడా వంగి చూశాడు. ఇన్నేళ్లుగా మందు కొడుతున్న పురుగు కాళ్లాడిస్తుందని ఆయన మొదటిసారి చూడటం. ఆ తర్వాత అద్దం నా చేతికి రాలేదు.

అద్దంలో ఆయనకు కనబడిందే నాకు చెప్పాడు: "ఒకదాని వెనక నుంచి ఇంకోటి బయటికొస్తాంది సార్, కాళ్లు ముందా తల ముందా తెలీకుండాది." పిల్ల పుడుతోంది. పేనుబంకలు మనలాంటి ఎండదేశంలో ఏడాది పొడుగునా దాదాపు అన్నీ ఆడవే. మగతోడు లేకుండానే గర్భం, గుడ్డు బదులు ప్రాణంతో పిల్ల. పుట్టబోయే ఆడపిల్ల కడుపులో అప్పటికే మరో తరం పిండాలు మొదలై ఉంటాయి. 1740లో జెనీవా యువకుడు షార్ల్ బొనే అప్పుడే పుట్టిన ఒక పేనుబంకను విడిగా పెట్టి, గంటగంటకూ కాపలా కాసి, మగది చేరకుండానే అది 95 పిల్లలు పెట్టడం లెక్క రాసుకున్నాడు. చీనీ మీద బతికే సిట్రిసిడా ఆరు నుంచి ఎనిమిది రోజుల్లో తల్లవుతుంది. శత్రువే లేకపోతే ఒక్క పురుగు మూడు వారాల్లో 4,400కు పైగా అవుతుందని లెక్క. మూడు వారాలే ఎందుకంటే, దాదాపు అంతలోనే చిగురు ముదిరిపోతుంది. ఆకు గట్టిపడి, గుంపు ఇరుకై, తిండి తగ్గితే అప్పటిదాకా రెక్కల్లేని పిల్లలు కన్న తల్లులే రెక్కలున్న పిల్లల్ని కంటాయి. అవి ఎగిరి ఇంకో చిగురు వెతుక్కుంటాయి.

ఇక్కడే నాకు ఈ ప్రాంతపు అసలు విషయం తట్టింది. వానే నీరైన రోజుల్లో చీనీ చిగుళ్లు చుట్టుపక్కల అంతటా దాదాపు ఒకేసారి వచ్చి ఒకేసారి ముదిరేవి. ఇప్పుడు చిగురు కాలాన్ని రైతు నిర్ణయిస్తున్నాడు. నీళ్లు ఆపి చెట్టును బెట్టకు గురిచేసి, మళ్లీ విడిచి, తనకు కావలసిన నెలలో పూత పుట్టిస్తున్నాడు. ఈయన జనవరి, ఫిబ్రవరి పూతకు పోతే పక్క తోటాయన జూన్, జూలై పూతకు పోతాడు. కాలువ నీళ్లున్న ఇంకొకాయన సెప్టెంబరు, అక్టోబరు పూతకు. ధర చూసుకుని ఎవరి లెక్క వారిది, అది తప్పని నేననను. కానీ పురుగు వైపు నుంచి చూస్తే ఒక తోట చిగురు ముదిరేసరికి ఎగిరే దూరంలో ఇంకో తోట చిగురు సిద్ధంగా ఉంటోంది. పేనుబంకకే కాదు, చిగురు మీదే గుడ్లు పెట్టే సిల్లా పురుగుకు, ఆకుతొలుచు పురుగుకు కూడా. ఒక కాలువ కింద ఉన్నవాళ్లయినా మాట్లాడుకుని ఒకే పూతకు పోతే మందుల ఖర్చు ఎంత తగ్గుతుందో ఎవరైనా ఒక్కసారి చేసి చూడాలని నా గట్టి కోరిక.

రైతు భయం పేనుబంక తాగే రసం గురించి కాదు. "చెట్లు పైనుంచి ఎండుకుంటా వస్తాండాయి, ఇదేనంట కదా తెచ్చేది" అన్నాడు. ఆయన అడిగింది ట్రిస్టెజా వైరస్ గురించి. 1930ల నుంచి అర్జెంటీనా, బ్రెజిల్‌లలో పుల్ల నారింజ వేరు మీద అంటు కట్టిన చీనీ చెట్లను లక్షల్లో చంపిన వైరస్ అది. పేనుబంకే దాన్ని మోస్తోందని 1946లో బ్రెజిల్‌కు చెందిన మెనెగిని నిరూపించాడు. అన్నింటికంటే సమర్థంగా మోసేది సిట్రిసిడా. ఆరాంటీ మోస్తుంది గానీ అంత బాగా కాదు. పత్తి పేనుబంక కూడా మోయగలదు. రోగమున్న చెట్టు రసం తాగిన కొద్దిసేపటికే పురుగుకు వైరస్ అంటుకుంటుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది కూడా. అంటే అది దూరప్రయాణం చేయించేది కాదు, పక్క చెట్టుకు, పక్క తోటకు చేర్చేది. ఊళ్లు, జిల్లాలు దాటించేది మాత్రం అంటుకట్టే కొమ్మ. రోగమున్న తల్లిచెట్టు నుంచి కన్ను తీస్తే ఆ నర్సరీ మొక్కలన్నిటికీ పుట్టుకతోనే వైరస్.

బోరు దగ్గర ఒక నిమ్మచెట్టు ఉంది. దాని లేత ఆకు ఒకటి కోసి సూర్యుడికి ఎదురుగా పట్టుకున్నాం. పక్క ఈనెల్లో అక్కడక్కడ తునకలు తునకలుగా తెల్లగా వెలుగు దిగుతోంది. ట్రిస్టెజాకు నిమ్మ చూపే గుర్తు అదే. పరీక్షశాలలో తేల్చకుండా అదేనని చెప్పలేం గానీ, అనుమానానికి చాలు. "అంటే తోటలో ఉన్నట్టేనా?" అని ఆయన ముఖం మారింది. ఉన్నా చీనీ చెట్లన్నీ పోతాయని కాదు. మనవాళ్లు పుల్ల నారింజ మీద కాక జంబేరి మీద, రంగపూర్ నిమ్మ మీద అంటు కడతారు. ఆ వేళ్లకు ఈ వైరస్‌ను తట్టుకునే గుణముంది. పైనుంచి ఎండటానికి వేరుకుళ్లు, నీటి ఎద్దడి, పోషకాల లోపం, ఇలా వేరే కారణాలు కూడా ఉంటాయి. పేనుబంక ఒక్కదాని మీద వేసేస్తే మిగిలినవి తప్పించుకుంటాయి.

అప్పటికే ఆయన పులివెందులలో మందుల అంగడి నుంచి రెండు రకాల డబ్బాలు తెచ్చి షెడ్డులో పెట్టుకున్నాడు. సాయంత్రం కొట్టాలని. నేను మందు వద్దని చెప్పడానికి పోలేదు, తోట నాది కాదు. చుట్టుకుపోయిన ఆకులను ఒక్కొక్కటీ విప్పి చూద్దామన్నాను. విప్పితే లోపల అక్షింతల పురుగు పిల్లలున్నాయి. ఆకుపచ్చగా, కాళ్లు లేకుండా, తల అటూ ఇటూ ఆడిస్తూ పేనుబంకను ఎత్తి పట్టుకుని పీల్చేస్తున్న సిర్ఫిడ్ ఈగ పిల్లలున్నాయి. కొన్ని పేనుబంకలు ఉబ్బి, లేతగా వేయించిన నువ్వుగింజల్లా ఆకుకు అంటుకున్నాయి. వాటి లోపల చిన్న కందిరీగ పిల్ల పెరుగుతోంది, వీపున గుండ్రటి కంత ఉంటే అది అప్పటికే బయటపడి పోయిందని గుర్తు. చీమల బారు గట్టిగా ఉన్న కొమ్మల్లో మాత్రం ఇవేవీ పెద్దగా లేవు. బంక కోసం చీమలు కాపలా కాసి అక్షింతల పురుగులను తరిమేస్తాయి. "అట్లయితే చీమల దారి తెంపాల ముందు" అన్నాడాయన, నేను ఆ మాట అనకముందే.

తోట చివర రెండేళ్ల మొక్కలు అరెకరం ఉన్నాయి. వాటిలో పూత లేదు, చిగురే. లేత మొక్కకు చిగురు పోతే పెరుగుదలే పోతుంది, వైరస్ అంటుకున్నా నష్టం ఎక్కువ. అక్కడ పురుగు చూసుకుని మందు కొట్టుకోవడంలో అర్థముంది. పదేళ్ల చెట్టుకు మూడు వారాల పేనుబంక పెద్ద లెక్క కాదు, పైగా పూల నిండా తేనెటీగలు. చాలాసేపు ఆయన మాట్లాడలేదు. తర్వాత లేత మొక్కలకు మాత్రం ఆ సాయంత్రమే కొడతానని, పెద్ద చెట్లకు చిగురు ముదిరేదాకా ఆగుతానని, చీమలెక్కే చెట్ల మొదళ్లకు జిగురు పూసిన పట్టీ కడతానని చెప్పాడు. కొత్తగా వేయబోయే ఎకరానికి మొక్కలు ఎక్కడ తెచ్చుకోవాలని అడిగాడు. తల్లిచెట్లకు వైరస్ పరీక్ష చేసి, పురుగు దూరని వలల కింద అంటు కట్టే నర్సరీ ఏదో తిరుపతిలోని నిమ్మజాతి పరిశోధన స్థానంలో అడిగి తెలుసుకుని, ఏ వేరు మీద కట్టారో కూడా చూసి తెచ్చుకోమన్నాను.

బయటికొచ్చే దారిలో వంక గట్టున ఒక మేడిచెట్టు చూపించి, దాని నీడకు నాలుగు చీనీ చెట్లు సరిగా కాయవని, వచ్చే నెల కొట్టేయాలనుకుంటున్నానని అన్నాడు. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున నేను చూసింది ఆయనకు చెప్పాను. మేడి మీది పేనుబంక వెంట్రుకల గొట్టాల రకం కాబట్టి చీనీకి ఎక్కదని, కానీ దాన్ని తిని బతికే అక్షింతల పురుగులు చీనీకి వస్తాయని. ఆయన గట్టెక్కి, చేతికందిన చిగురు వంచి, అద్దం పెట్టి తానే చూశాడు. "గొట్టాలకు వెంట్రుకలుండాయి సార్" అన్నాడు. నాలుగు చెట్ల కాపు ఎంతవుతుందో లెక్కేసుకుని చెప్తానని, అప్పటిదాకా కొట్టనని చెప్పి తోటలోకి పోయాడు.